మామ కుట్టిన సూట్‌కేసు

సముద్రాలు దాటిన ఒక వీరగాథ చెప్పబోతున్నాను. ఇందులో సుదీర్ఘ ప్రయాణం ఉంది, ఎడబాటు ఉంది, పరాయి కోటలో బందీ అయిన నిధి ఉంది, దాన్ని విడిపించడానికి కదిలిన ఇద్దరు యోధులున్నారు, రథం ఉంది, సారథి ఉన్నాడు. ఇంతవరకూ చదివి నడుం బిగించి కూర్చున్నవాళ్లు దయచేసి కాస్త వదులు చేసుకోండి. రథమంటే టెంపో. కోటంటే ట్రాన్స్‌పోర్టు గోదాము. యోధుల్లో ఒకరు మా బాపు, అంటే నాన్న, ఇంకొకరు మా మేనమామ. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఇది వీరగాథేమీ కాదు. సముద్రాలు దాటాల్సిన ఒక సూట్‌కేసు సూరత్ రింగ్‌రోడ్డు కూడా దాటలేక చతికిలబడిన సంగతి.

ఆ రోజుల్లో, అంటే మూడేళ్ల కిందట, నాకు ఇరవై అయిదేళ్లు. మూడేళ్లకే ‘ఆ రోజుల్లో’ ఏమిటని పెద్దవాళ్లు నవ్వొచ్చు. కానీ అప్పటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయిని చూస్తున్నట్టు ఉంటుంది. ఆ అమ్మాయి సూరత్‌లోని డిండోలి పేటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పేది. ఎవరు ఏడ్చినా, ఎవరు అరిచినా, ఒక జోకు వేసి పక్కకు తప్పుకునేది. ప్రపంచంలో తనకు ఆశ్చర్యం కలిగించేదేమీ లేదన్నట్టు మొహం పెట్టుకుని తిరిగేది. అలాంటిది, వియత్నాంలోని హనోయ్ నగరంలో ఒక అంతర్జాతీయ పాఠశాల నుంచి ‘మిమ్మల్ని గణిత ఉపాధ్యాయురాలిగా ఎంపిక చేశాం’ అని మెయిల్ వచ్చిన సాయంత్రం, డాబా మీదికెక్కి ఆరేసిన దుప్పట్ల మధ్య ఒక్కతే గెంతింది. (ఎవరూ చూడలేదనుకుంది. ఎదురు డాబా మీది గుజరాతీ బామ్మ చూసింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, పిల్లకు దెయ్యం పట్టిందేమో చూపించమని మా అమ్మకు చెప్పి వెళ్లింది.)

మా బస్తీలో విదేశమంటే ఒకటే, దుబాయ్. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల కోసం సూరత్ వచ్చినవాళ్లు కొందరైతే, ఎడారికి పోయినవాళ్లు కొందరు. ఈ రెండు దిక్కులు కాక మూడోది ఉందని మాలో ఎవరూ అనుకోలేదు. వార్త విని మా మామ పని మానుకుని వచ్చాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు, రింగ్‌రోడ్డు మార్కెట్లో చీరల పార్సిళ్లు కుడతాడు. చాపమీద కూర్చుని, నీళ్లు తాగి, అసలు ప్రశ్న వేశాడు.

“దుబాయ్ దాటినంక వస్తదా, దుబాయ్‌కి ముందుగాల్నా?”

“అటు కాదు మామా, ఇటు,” అన్నాను తూర్పు గోడకేసి చెయ్యి చూపించి.

మామ ఆ గోడను కొంచెంసేపు చూశాడు. “ఇటు గూడ ఉన్నదా?” అన్నాడు.

ఉంది, కాని వెళ్లడానికి ఒక షరతు ఉంది. చేరిన మొదటిరోజే డిగ్రీ పట్టా, బీఎడ్ పట్టా అసలు ప్రతులు ఆఫీసులో చూపించాలి, లేకపోతే ఉద్యోగ ఒప్పందం అమల్లోకి రాదు, అని మెయిల్లో నల్లని లావాటి అక్షరాల్లో రాశారు. ఆ పట్టాల వెనక ముద్రలు వేయించడానికి నేను మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి ముందు వైపు కంటే వెనక వైపే ఘనంగా తయారైంది. మెయిలును అచ్చు తీసి బీరువాకు అంటించాను. ఇంగ్లీషు చదవడం రాని మా అమ్మ రోజూ ఆ కాగితానికి కూడా దుమ్ము దులిపేది. బడిలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను, నా ఆరో తరగతిని వేరే టీచరు తీసుకుంది, కనుక వెనక్కి రావడానికి వాకిలి లేదు. పట్టాలు పోతే నేను డిండోలిలోనూ ఉండను, హనోయ్‌లోనూ ఉండను, మధ్యలో ఎక్కడో ఆకాశంలో ఉంటాను.

ఇంత ముఖ్యమైనవి ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. చేతిసంచిలో అని నేనన్నాను. రైల్లో చేతిసంచులే కొట్టేస్తారని బాపు అన్నారు. ఆయన లెక్క ప్రకారం దొంగ కూడా మనిషే, వాడికీ నడుం ఉంటుంది, పెద్ద సూట్‌కేసు ఎవడు మోస్తాడు. కనుక పట్టాలు సూట్‌కేసులోకి వెళ్లాయి. అమ్మ వాటిని ఒక ప్లాస్టిక్ సంచిలో, ఆ సంచిని ఒక దిండు గలీబులో, ఆ గలీబును నాలుగు చీరల కింద పెట్టింది. ఆ చీరలన్నీ అమ్మ ఇంట్లో కూర్చుని లేసు కుట్టినవే. హనోయ్‌లో ఎవరైనా పెళ్లికి పిలిస్తే పనికొస్తాయట.

తర్వాత సూట్‌కేసు జిప్పు నోరు తెరవడం మొదలుపెట్టింది. అప్పుడు మామ రంగంలోకి దిగాడు.

మా మామ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన ఇరవై ఏళ్లకు పైగా గోనెపట్టా, సుతిలి తాడు, దబ్బనం పట్టుకుని బతికిన మనిషి. ఆయన కుట్టిన పార్సిల్ లారీమీంచి పడినా చీర మడత నలగదని మార్కెట్లో చెప్పుకుంటారు (ముఖ్యంగా ఆయనే చెప్పుకుంటాడు). కుట్టిన తర్వాత పార్సిల్ మీద నల్లరంగుతో, కుంచెతో, ఎవరికి ఏ ఊరికి పోవాలో రాస్తారు. దాన్ని మార్కా అంటారు. ఇన్నేళ్లలో ఆయన మార్కా వేసిన సరుకు ఒక్కటి కూడా తప్పు ఊరికి పోలేదు. ఈ మాట ప్రతి పెళ్లిలోనూ, ప్రతి చావు దగ్గరా, ఒకసారి మా బడి వార్షికోత్సవంలోనూ విన్నాను. అలాంటి మనిషి మేనకోడలి సూట్‌కేసును జిప్పుకు వదిలేస్తాడా? పొద్దున్నే గోనెపట్టా చుట్ట చంకన పెట్టుకుని వచ్చి, గంటన్నరలో దాన్ని అచ్చం చీరల పార్సిల్‌లా కుట్టి పడేశాడు. పిడికి కూడా గోనె తొడిగాడు. నాలుగు మూలలా చెవులు పెట్టాడు, హమాలీలు పట్టుకోవడానికి వీలుగా.

ఇక మార్కా. హనోయ్‌లో నాకిచ్చిన ఫ్లాటు చిరునామా కాగితం మీద రాసి ఇచ్చాను. మామ దాన్ని బాపు చేతికిచ్చాడు. బాపు మగ్గాల మీద పనిచేస్తారు, మగ్గాల చప్పుడులో ముప్ఫై ఏళ్లుగా అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతు. అందువల్ల ఆయన రహస్యంగా ఆలోచించింది కూడా రెండు వీధులకు వినిపిస్తుంది.

“పొయ్యే ఊరు రాస్తే ఏం ఫాయిదా బామ్మర్దీ? ఆడ మనకెవడెరుక? సామాను తప్పిపోతే ఇంటికి రావాలె గద. ఇంటి అడ్రసు రాయి.”

ఇంటి అడ్రసంటే ఏది? డిండోలిలో మేం అప్పటికి అయిదు ఇళ్లు మారాం, ఆరోదాని ఓనరు కూడా ముఖం చిట్లిస్తున్నాడు. బాపు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన పేరు, కింద సిరిసిల్ల. ఆయన సూరత్ వచ్చి నా వయసుకంటే ఎక్కువ ఏళ్లయింది, కాని ఏ ఫారంలో ‘శాశ్వత చిరునామా’ గడి కనిపించినా ఆయన కలం తనంతట తానే సిరిసిల్లకు వెళ్లిపోతుంది. నేను సూరత్‌లోనే పుట్టాను, సిరిసిల్లకు వెళ్లింది మహా అయితే పది సార్లు, అయినా నా బడి రికార్డుల్లోనూ అదే ఊరు. విమానం వాళ్లు ఎలాగూ వాళ్ల చీటీ అంటిస్తారు కదా, మామ మార్కాను ఎవరు చూస్తారులే అని నేను నవ్వి ఊరుకున్నాను. ‘నవ్వి ఊరుకున్నాను’ అన్న మాట దగ్గర నన్ను అరెస్టు చేయొచ్చు.

మర్నాడు మధ్యాహ్నం రైలు, ముంబై దాకా. ఆ తర్వాతి ఉదయం విమానం. ఆటో మాట్లాడతానంటే మామ ఒప్పుకోలేదు. ఆయన సేఠ్ టెంపో పద్నాలుగు పార్సిళ్లతో ట్రాన్స్‌పోర్టుకు పోతోంది, అక్కడ దింపేసి అటే స్టేషన్‌కు, దారిలోనే, పైసా ఖర్చు లేదు. బస్తీ అంతా బయటికొచ్చింది. ఎదురింటి బామ్మ నా చేతిలో బెల్లంముక్క పెట్టి, దెయ్యం సంగతి ఏమైందని అమ్మను మెల్లగా అడిగింది. నేను, అమ్మ ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాం. బాపు, మామ వెనక పార్సిళ్ల మీద కూర్చున్నారు, ఏనుగు అంబారీ ఎక్కినంత ఠీవిగా. నా పాస్‌పోర్టు, టికెట్లు మెడలో వేలాడే చిన్న సంచిలో ఉన్నాయి. ఒళ్లో అమ్మ కట్టిన అన్నం డబ్బా.

అబద్ధం చెప్పను, ఆ అరగంటలో నా గుండె గాలిపటంలా ఎగురుతోంది. చూసిన ప్రతిదీ చివరిసారి చూస్తున్నట్టు అనిపించి ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టాను. ఫ్లైఓవరు తీశాను. ఫ్లైఓవరు కింద ఫ్లైఓవరు తీశాను. నెత్తిమీద చీరల మూట పెట్టుకుని సిగ్నల్ దాటుతున్న మనిషిని తీశాను. గోదాము ముందు టెంపో ఆగితే దిగి, గోదామును కూడా తీశాను. వెనక్కి నడుస్తూ, నా మొహం కూడా పడేలా పెట్టుకుని, ‘సూరత్, ఇక సెలవు’ అని కళ్లు తడి చేసుకుని చెప్పి, స్టేటస్‌లో పెట్టేశాను. అమ్మ దిగకుండా డబ్బా కాపలా కాసింది. పది నిమిషాల్లో వెనక ఖాళీ అయింది. బాపు, మామ ఖాళీ టెంపోలో నిలబడి, ముందు రేకు మీద రెండు దెబ్బలు కొట్టారు. బండి కదిలింది.

స్టేషన్ దగ్గర దిగి, నేను వెనక్కి వెళ్లి చూస్తే, టెంపోలో రెండు గోనెపీచులు, బాపు, మామ ఉన్నారు.

“సూట్‌కేసేది?” అన్నాను.

బాపు మామను చూశారు. మామ బాపును చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ, ఎందుకో, నా చేతుల కేసి చూశారు.

తర్వాత జరిగిన దాన్ని కోలాహలం అనడం కోలాహలానికి గౌరవం. అమ్మ డ్రైవరును అనుమానించింది, డ్రైవరు సిగ్నల్ దగ్గరి మోటార్‌సైకిళ్ల వాళ్లను అనుమానించాడు, బాపు దారిలోని ఉధ్నా దర్వాజా పేట మొత్తాన్నీ అనుమానించారు. నాకు మాత్రం బీరువా మీది కాగితం కళ్ల ముందు కనిపించింది, దుమ్ము లేకుండా. అప్పుడు ఫోను మోగింది. నా బడిలో పనిచేసిన స్నేహితురాలు స్టేటస్ చూసి సందేశం పెట్టింది. ‘బాగా ఏడిపించావు. మీ మామ ఈ వయసులో కూడా ఎంత బరువు మోస్తున్నాడే.’

వీడియో మళ్లీ పెట్టి చూశాను. ముందు నేను, తడికళ్లతో. నా భుజం వెనక మామ, నాలుగు చెవుల గోనెపార్సిల్‌ను వీపు మీద వేసుకుని, కెమెరా చూసి నవ్వుతూ గోదాములోకి వెళ్తున్నాడు. పార్సిల్‌ను వెనకనుంచి ఎత్తి ఆయన వీపు మీద పెట్టింది మా బాపు. సూరత్‌కు నేను చెయ్యి ఊపిన క్షణంలోనే నా ఉద్యోగం నాకు చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయింది.

మామ ఫోను తీసుకుని మూడుసార్లు చూశాడు. “నేనే,” అన్నాడు. దొంగను పట్టుకున్నట్టే అన్నాడు, పాపం.

ఇద్దరిదీ తప్పని అనలేను. టెంపో ఆగితే సరుకు దింపడం మా ఇంట్లో ఊపిరి తీసుకోవడం లాంటిది. ఎవరి సరుకని ఎవరూ అడగరు. పైగా మామ దాన్ని అంత నిజాయితీగా పార్సిల్‌లా కుట్టాడు కాబట్టి ఆయనే గుర్తుపట్టలేకపోయాడు.

వెంటనే వెనక్కి మళ్లాం. అమ్మ మాత్రం రాలేదు. రైలు వస్తే గార్డుకు చెప్పి ఆపిస్తానని, అన్నం డబ్బాతో స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. ఆవిడ మీద నాకు గార్డు కంటే ఎక్కువ నమ్మకం.

గోదాములో మెహతాజీ ఉన్నాడు. మెహతాజీ అంటే గుమాస్తా. సన్నటి కళ్లద్దాలు, చెవి మీద పెన్ను, ఎదురుగా బల్లంత పుస్తకం. ఆయన మాట్లాడేది సగం హిందీ, సగం గుజరాతీ, నేను మీ కోసం తెలుగులో చెబుతున్నాను. విషయమంతా విని, తొందర లేకుండా పేజీ తిప్పాడు. సేఠ్ చీటీలో పద్నాలుగు ఉన్నాయి, దింపినవి పదిహేను. పదిహేనో దాని మీద మార్కా చక్కగా, స్పష్టంగా ఉంది కనుక దానికి కూడా మేమే బిల్టీ, అంటే రవాణా రసీదు, రాసేశాం, అన్నాడు. ‘ఇంత శుభ్రమైన మార్కా ఈ మధ్య ఎవరూ వేయట్లేదు’ అని కూడా అన్నాడు. అంత కష్టంలోనూ మామ మొహం కాస్త వెలిగింది.

పార్సిల్ అప్పటికే సిరిసిల్ల వైపు పోయే లారీ ఎక్కింది. సాయంత్రం బయలుదేరుతుంది. దించి ఇమ్మన్నాం. ఎవరి సామాను అన్నాడు. బాపు తన ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టారు. మెహతాజీ కార్డు చూశాడు, పుస్తకం చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

“పేరు సరిపోయింది. ఊరు సరిపోయింది. సామాను మీ ఇంటికే పోతోంది. ఇంక మీ ఫిర్యాదేమిటి?”

లెక్కల టీచరుగా చెబుతున్నాను, ఆయన తర్కంలో ఎక్కడా తప్పు లేదు. నేను విమానం అన్నాను, హనోయ్ అన్నాను, పట్టాలు అన్నాను, నాకొచ్చిన గుజరాతీ అంతా ఖర్చుపెట్టాను. ఆయన సానుభూతితో విన్నాడు. తన కొడుకు కూడా కెనడాకు ప్రయత్నిస్తున్నాడని చెప్పాడు. కాని బిల్టీ ఒకసారి రాశాక ఊరికే కొట్టేయడం కుదరదు, పుస్తకంలో కారణం చూపించాలి. కారణాలకు మూడు గళ్లే ఉన్నాయి. సరుకు తడిసింది. సరుకు పాడైంది. తప్పు మార్కా. మొదటి రెండూ కావు. మూడోది కావాలంటే మార్కా వేసినవాడు తన పేరు రాసి సంతకం పెట్టాలి, దాని నకలు మార్కెట్లో ఆయన సేఠ్‌కు పోతుంది.

నేను మామ కేసి చూడలేదు. చూడాలనిపించలేదు. అప్పటివరకూ ప్రతి పెళ్లిలోనూ విని, వెనక కూర్చుని వెక్కిరించిన ఆ ఒక్క మాట, ‘ఒక్కటి కూడా తప్పు ఊరికి పోలేదు’ అన్నది, ఆయన దగ్గరున్న ఒకే ఒక్క పట్టా అని నాకు అప్పుడు తట్టింది. దాని వెనక ఏ ఆఫీసు ముద్రా లేదు. చుట్టూ హమాలీలు నలుగురు నిలబడి చూస్తున్నారు, అందరూ ఆయన్ని పేరుపెట్టి పలకరించేవాళ్లే.

“మార్కా తప్పు గాదు,” అన్నారు బాపు, జీవితంలో మొదటిసారి మెల్లగా. “నేను జెప్పిందే ఆయన రాసిండు. నా పేరు రాసుకోండ్రి.”

“కుంచె నా చేతిల ఉండె బావా,” అన్నాడు మామ. “రాయి మెహతాజీ. తప్పు మార్కా. నాదే.”

కుంచె తప్ప పట్టని చేత్తో పెన్ను తీసుకుని, నాలుక కొస బయటపెట్టి, మూడో తరగతి పిల్లాడిలా ఒక్కొక్క అక్షరం దిద్దుతూ సంతకం పెట్టాడు. నాకు జోకు వేయాలనిపించింది. ఎప్పుడూ అలాంటి సమయానికి ఒకటి సిద్ధంగా ఉండేది. ఆ రోజు నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది.

తర్వాత హమాలీలు లారీ ఎక్కి పార్సిళ్లు కిందామీదా చేశారు. అన్నీ మామ కుట్టినవే, అన్నీ కవల పిల్లలే. చివరికి ఒకతను ఒకదాన్ని తట్టి, ఇదే, దీనికి కింద చక్రాలున్నాయి, అన్నాడు. ఎక్కించేటప్పుడు తెలియలేదా అని అడిగాను. తెలిసింది దీదీ, కంపెనీలు ఈ మధ్య కొత్తరకం ప్యాకింగ్ పెడుతున్నాయనుకున్నాం, అన్నాడు.

ఇక తీసుకుని పరిగెత్తడమే అనుకున్నాం. మెహతాజీ చెయ్యి అడ్డం పెట్టాడు. తప్పు మార్కా అని పుస్తకంలో రాశాక, అదే మార్కాతో సరుకు గోదాము గేటు దాటకూడదు. సరైనది వేసుకుని పోవాలి. రంగు డబ్బా, కుంచె ఆయనే ఇప్పించాడు. రైలుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. మామ పార్సిల్ ముందు గొంతుక్కూర్చుని సిరిసిల్ల మీద ఒక గీత గీసి, తలెత్తాడు.

“ఏం రాయాలె బావా?”

బాపు ఆ ఎండలో, ఆ దుమ్ములో, ఎవరో ఆయన్ని చాలా కష్టమైన ప్రశ్న అడిగినట్టు నిలబడ్డారు. తర్వాత నాకేసి తిరిగారు.

“బిడ్డా, నీ ఊరు జెప్పు.”

నేను ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం చెప్పాను. హెచ్. ఏ. ఎన్. ఓ. ఐ. మామ రాసి, కుంచె పైకెత్తి ఆగాడు.

“అయిపాయెనా? గింత చిన్న ఊరా?”

“అంతే మామా.”

“పైన నీ పేరు గూడ కొట్టేయాల్నా బావా?”

“పేరు ఉండనియ్,” అన్నారు బాపు. “ఊరొక్కటి మార్చినవ్ గద, చాలు.”

రంగు ఆరకముందే టెంపోలో వేశాం. ఈసారి నేను వెనకే ఎక్కి దాని మీదే కూర్చున్నాను. ఆ నల్లరంగు నా కొత్త ప్యాంటుకు అంటుకుంది. హనోయ్‌లో దిగేదాకా నేను కూడా మార్కా పడిన సరుకునే. సిగ్నళ్ల దగ్గర డ్రైవరు చూపించిన ధైర్యం గురించి రాయను, ఆయనకు లైసెన్సు అవసరం. స్టేషన్ మెట్ల దగ్గరికి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. నేను సూట్‌కేసు మీద కూలబడి, అంతా అయిపోయింది, విమానం పోయింది, ఉద్యోగం పోయింది అని మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ ఇతరుల నాటకాలకు గాలి తీసిన నేను, నాదంటూ ఒకటి దొరికేసరికి రెండు చేతులా వాయించాను. అమ్మ అన్నం డబ్బా మూత తీస్తూ అంది, “ముంబైకి ఇంకో బండి నలభై నిమిషాలకు ఉన్నదట, కౌంటర్ల అడిగిన. గప్పటిదాంక రెండు ముద్దలు తిను.”

తిన్నాను. పులిహోర. మామకు కూడా పెట్టింది. ఆయన తినకుండా చాలాసేపు ఆ కొత్త మార్కాకేసే చూస్తూ కూర్చున్నాడు. సేఠ్ ఏమంటాడు మామా, అని అడిగాను. ఏమన్నా అననీ, అన్నాడు. ఒక అక్షరం మీద వేలు పెట్టి, “గీ అక్షరం జర వంకర వచ్చిందే,” అన్నాడు. జనరల్ బోగీలో సూట్‌కేసును మాత్రం కూర్చోబెట్టి, నేను నిలబడి ముంబై వెళ్లాను. రైలు కదిలినప్పుడు బాపు కిటికీ పక్కన నడుస్తూ ఏదో అరిచారు. మొత్తం ప్లాట్‌ఫారానికి వినిపించింది, నాకు మాత్రం ఇంజను కూతలో వినిపించలేదు. తర్వాత ఫోనులో అడిగితే, ఏం లేదు, పోయిరా అన్న, అన్నారు.

హనోయ్ విమానాశ్రయంలో ఆ గోనెమూట బెల్టు మీద తిరుగుతూ వస్తుంటే, చుట్టూ మెరిసే పెట్టెల వాళ్లంతా తప్పుకుని దారి ఇచ్చారు. ఫ్లాటులో మంచం, ఫ్యాను, రెండు గ్లాసులు ఉన్నాయి. కత్తిగాని కత్తెరగాని లేదు. నా కత్తెర సూట్‌కేసులో ఉంది. మామ కుట్టు విప్పడానికి మెడలోని సంచిలో దొరికిన గోళ్లు కత్తిరించుకునే దానితో ఆ సాయంత్రమంతా పట్టింది. ఒక్కొక్క కుట్టు తెంపుతుంటే ఆయన్ని తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. ఆ రాత్రి గోనెపట్టా మీద కూర్చుని ఏడ్చిన అమ్మాయిని ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. తనకు అన్నీ తెలుసనుకునేది. పక్కన కూర్చుని, పర్వాలేదు, రేపు పొద్దున నీకు ముప్ఫై మంది పిల్లలు ఎదురుచూస్తుంటారు, వాళ్లకు నీ పేరు పలకడం రాదు, నీకు వాళ్ల పేర్లు పలకడం రాదు, భలే సరదాగా ఉంటుంది, అని చెప్పాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా బడి ఆఫీసుకు వెళ్లి, దిండు గలీబులోంచి ప్లాస్టిక్ సంచి, సంచిలోంచి పట్టాలు తీసి, రెండు చేతులతో అందించాను. అక్కడున్నావిడ వాటిని కాపీ తీసే యంత్రం మీద పెట్టింది. మా యూనివర్సిటీ పట్టా ఏ4 కాగితం కన్నా కొంచెం పెద్దది కనుక కుడివైపు అంచు కాపీలో పడలేదు. ఆవిడ సైజు తగ్గించి మళ్లీ తీసి, అసలువి నాకిచ్చేసింది.